గోల్ఫ్‌లో డ్రైవర్‌తో (అతి దూరం కొట్టే పొడవాటి కర్రతో) బంతి దూరం పెంచుకోవడం ఎలా? విశాఖ గోల్ఫర్ల అనుభవాలు

ఎండాడ వాసి:
అందరికీ నమస్కారం. వయసు అరవై దాటింది. ఉద్యోగ విరమణ తరువాత తీరిక చిక్కి, ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్‌లో తరచుగా ఆడుతున్నాను. నా డ్రైవ్ (డ్రైవర్‌తో కొట్టే దెబ్బ) 180 గజాల దగ్గరే ఆగిపోతోంది. దూరం పెరగాలంటే కండబలం పెంచుకోవాలా, కొత్త డ్రైవర్ కొనాలా, లేక స్వింగ్ (కర్ర తిప్పే తీరు) మార్చుకోవాలా? అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరు.

బీచ్ రోడ్ గోల్ఫర్:
ఎండాడ వాసి గారూ, ఆ మూడింటికన్నా ముందు బంతి క్లబ్ (గోల్ఫ్ కర్ర) ముఖంపై ఎక్కడ తగులుతోందో చూసుకోండి. బంతి వేగాన్ని క్లబ్ వేగంతో భాగిస్తే వచ్చే సంఖ్యను స్మాష్ ఫ్యాక్టర్ అంటారు. డ్రైవర్‌కు అది సుమారు 1.5 దాకా వెళ్తుంది. గంటకు 90 మైళ్ల వేగంతో క్లబ్ తిప్పే ఆటగాడికి అది 1.35 అయితే బంతి దాదాపు 121 మైళ్ల వేగంతో, 1.48 అయితే దాదాపు 133 మైళ్ల వేగంతో బయలుదేరుతుంది. బంతి వేగంలో పెరిగే ప్రతి మైలుకూ రమారమి రెండు గజాలు దక్కుతాయి కనుక, ఒంటికి అదనపు శ్రమ ఏమీ లేకుండానే ఇరవై గజాలకు పైగా లాభం కనిపిస్తుంది. వైట్‌బోర్డు మార్కర్‌తో బంతి మీద చుక్క పెట్టి, ఆ చుక్క క్లబ్ వైపు ఉండేలా టీ (బంతిని ఎత్తులో నిలిపే చిన్న పుల్ల) మీద నిలిపి కొడితే, తగిలిన చోట ముఖంపై గుర్తు పడుతుంది. గ్రిప్‌ను (క్లబ్ పిడిని) అర అంగుళం కిందికి పట్టుకోవడంతోనే నా గుర్తులు మధ్యకు చేరాయి.

కైలాసగిరి:
పై మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. దానికి తోడు, డ్రైవర్‌ను ఐరన్‌లా (నేల మీది బంతిని కొట్టే లోహపు క్లబ్‌లా) కిందికి దిగుతూ కొట్టకూడదు. టీ మీద బంతి సగభాగం డ్రైవర్ పై అంచు కంటే ఎత్తున కనబడాలి. బంతిని ముందరి కాలి మడమకు ఎదురుగా ఉంచి, వెనుక భుజాన్ని కొద్దిగా దించి నిలబడితే, క్లబ్ పైకి లేస్తున్న దశలో బంతిని తాకుతుంది. ఎల్‌పీజీఏ టూర్ (మహిళల వృత్తి గోల్ఫ్ పోటీలు) క్రీడాకారిణులు సగటున ఇలాగే కొడతారు. పీజీఏ టూర్ (పురుషుల వృత్తి గోల్ఫ్ పోటీలు) ఆటగాళ్లు సగటున కాస్త కిందికి దిగుతూ కొడతారు. వేగం తక్కువగా ఉన్న మనవంటివారు చూసి నేర్చుకోవలసింది ఆ మహిళల స్వింగేనని నా దృఢాభిప్రాయం.

లాసన్స్ బే:
కొత్త డ్రైవర్ గురించి ఒక్క మాట. దాని తల (బంతిని తాకే భాగం) పరిమాణం 460 ఘన సెంటీమీటర్లకు మించరాదన్న నిబంధన ఉంది. పదేళ్ల నాటి డ్రైవర్లు కూడా చాలావరకు ఆ హద్దులోనే నిండుగా ఉన్నాయి. అందుచేత ముందు లాఫ్ట్ (క్లబ్ ముఖం వెనక్కి వాలిన కోణం) సరిచూసుకోండి. నేను 9 డిగ్రీల నుంచి 12కి మారాక బంతి గాలిలో నిలిచే సమయం స్పష్టంగా పెరిగింది.

ఎండాడ వాసి:
ధన్యవాదాలు. మన తీరపు తేమగాలి బరువుగా ఉండి బంతిని ఆపేస్తుందని క్లబ్‌లో కొందరంటారు. అది నిజమేనా? మధ్యాహ్నపు ఎదురుగాలికి టీ ఎత్తు తగ్గించాలా?

బీచ్ రోడ్ గోల్ఫర్:
నీటి ఆవిరి అణువు నైట్రోజన్, ఆక్సిజన్ అణువుల కంటే తేలిక కనుక, తేమగాలి అదే వేడిమి గల పొడిగాలి కంటే కొంచెం పలుచన. బంతిని ఆపేది ఎదురుగాలే. అప్పుడు గట్టిగా బాదితే బ్యాక్‌స్పిన్ (బంతి వెనక్కి తిరిగే వేగం) పెరిగి, బంతి నిటారుగా లేచి అక్కడే కూలబడుతుంది. టీని మరీ దించితే క్లబ్ కిందికి దిగుతూ తగిలి ఆ స్పిన్ ఇంకా పెరగవచ్చు. టీ ఎత్తును దాదాపు అలాగే ఉంచి, నింపాదిగా తిప్పండి. తేమ వల్ల అసలు ఇబ్బంది చేతి చెమట: గ్రిప్ జారుతుందన్న భయంతో బిగించి పట్టుకుంటే మణికట్లు బిగుసుకుని వేగం పడిపోతుంది. బ్యాగులో రెండు గ్లవ్‌లు, పొడి తువ్వాలు తప్పక ఉంచుకోండి.

కైలాసగిరి:
వ్యాయామం మొదలుపెడితే బరువుల కన్నా ముందు తుంటి, వీపు పైభాగం బాగా తిరిగేలా చేసేవి ఎంచుకోండి. ఇంకొకటి, వానాకాలంలో ఫెయిర్‌వే (బంతి పడే కత్తిరించిన గడ్డి దారి) మెత్తబడి బంతి దొర్లదు. ఆ నెలల్లో బంతి నేలను తాకిన చోటి వరకే కొలుచుకోండి. వేసవి దూరాలతో పోల్చకండి.