ఒకే గ్రేడ్, రెండు ల్యాబ్‌లు: వజ్రం సర్టిఫికెట్‌ను ఎంతవరకు నమ్మాలి?

అవంతి:
ఉంగరం కోసం ఒక క్యారెట్ గుండ్రటి వజ్రం చూస్తున్నాను. రెండు విడి రాళ్లు నచ్చాయి. రెండింటికీ రంగు జి, క్లారిటీ (లోపలి మచ్చలను బట్టి ఇచ్చే గ్రేడ్) వీఎస్2 అనే రాసి ఉంది. ఒకదానిది జీఐఏ (వజ్రాలకు గ్రేడ్ ఇచ్చే పేరున్న అమెరికా సంస్థ) కాగితం, రెండోదానిది నేనెప్పుడూ పేరు వినని ల్యాబ్. రెండోది బాగా చవక. గ్రేడ్ ఒకటే కదా, చవకది తీసుకుంటే తప్పా?

కౌస్తుభం:
తప్పేం లేదండీ. లూప్ (నగలవాళ్లు వాడే చిన్న భూతద్దం) పెట్టి రాయి నడుము చుట్టూ మెల్లగా తిప్పి చూడండి. లేజర్‌తో చెక్కిన సన్నటి నంబరు కనిపిస్తుంది. కాగితం మీది నంబరుతో కలిస్తే తీసేసుకోండి. పదిహేనేళ్లుగా ఈ వ్యాపారంలో ఉన్నాను. జనం అనవసరంగా టెన్షన్ పడతారు.

పాత ఉంగరం:
దయచేసి తీసుకోకండి. నంబరు కలిస్తే ఆ కాగితం ఆ రాయిదేనని తెలుస్తుంది, అంతే. అందులో రాసింది సరైనదో కాదో తెలియదు. మా అక్క రాయి కాగితం మీదా జి, వీఎస్2 అనే ఉండేది. అవసరపడి అమ్మబోతే కొనేవాళ్లు వేరే ల్యాబ్‌కి పంపారు. జె, ఎస్ఐ2 అని వచ్చింది, రెండూ తక్కువ గ్రేడ్‌లే. ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని అక్క ఎంతసేపు కూర్చుందో నాకు తెలుసు.

కౌస్తుభం:
ఒక మెట్టు తేడా ఎక్కడైనా వస్తుందండీ. గ్రేడ్ ఇచ్చేది మనుషులు. పది రెట్లు పెద్దది చేసి, మచ్చ ఎంతుంది, ఎక్కడుంది, ఎంత తేటగా కనిపిస్తోంది అని చూసి నిర్ణయిస్తారు.

పాత ఉంగరం:
ఒక మెట్టు కాదు. రంగులో మూడు, క్లారిటీలో రెండు.

సూర్యకళ:
చిన్న మాట. జీఐఏ దాన్ని సర్టిఫికెట్ అనదు, రిపోర్ట్ అంటుంది. అది హామీ కాదు, విలువ కట్టడమూ కాదు.

కౌస్తుభం:
పేరు ఏదైతేనేం? అందరూ సర్టిఫికెట్ అనే అంటారు.

సూర్యకళ:
చిక్కంతా అక్కడే ఉంది. సర్టిఫికెట్ అనగానే ఎవరో పూచీ పడ్డారనుకుంటాం.

భూతద్దం:
డి (రంగు లేనిది) నుంచి జెడ్ (పసుపు ఛాయ ఉన్నది) దాకా ఉన్న రంగుల స్కేలును జీఐఏ 1950లలో తెచ్చింది. అక్షరాలు ఇప్పుడు చాలా ల్యాబ్‌లు వాడతాయి, కానీ అందరి చేతిలో అవి ఒకే కొలత కాదు. రంగు చూసేటప్పుడు రాయిని బోర్లించి, గ్రేడ్ తెలిసిన నమూనా రాళ్ల పక్కన పెట్టి పోలుస్తారు. అవంతి గారూ, తెల్ల కాగితాన్ని మడిచి ఆ మడతలో మీ రెండు రాళ్లూ బోర్లించి పక్కనుంచి చూడండి. మెట్ల తేడా ఎక్కువుంటే ఒకదాంట్లో పసుపు ఛాయ పట్టుబడుతుంది.

కౌస్తుభం:
మామూలు కంటికి జి ఏదో హెచ్ ఏదో తెలియదు. లూప్ తెచ్చుకుని మచ్చలు వెతికి మంచి రాళ్లు కాదన్నవాళ్లను ఎందరినో చూశాను. ఒకాయన కంటికి కనబడని మచ్చ కోసం ఎక్సలెంట్ కట్ (బాగా చెక్కిన) రాయిని వదిలేసి, మచ్చలు ఇంకా తక్కువే అయినా మెరుపు లేని వీవీఎస్ రాయి పట్టుకెళ్లారు. రాయి మెరిసేది కట్ బాగుంటేనే. దాన్ని ఇక్కడ ఒక్కరూ అడగలేదు.

పాత ఉంగరం:
మాట తప్పించకండి. ల్యాబ్‌ను ఎంచుకునేది ఎవరు? రాయిని పంపి ఫీజు కట్టేది అమ్మేవాళ్లు. ఏ ల్యాబ్ మెతకో మీకు తెలుసు, మాకు తెలియదు.

కౌస్తుభం:
అంటే మేమంతా దొంగలమా? ఒక్క రాయి కూడా అబద్ధం చెప్పి అమ్మలేదు నేను.

పాత ఉంగరం:
అక్కకు అమ్మినవాళ్లూ అబద్ధం చెప్పలేదు. కాగితం చూపించారు. చెప్పాల్సిన పని లేకుండా ఆ కాగితమే చేసింది.

సూర్యకళ:
ఇద్దరూ కాస్త తగ్గండి.

కౌస్తుభం:
తగ్గను. మా నాన్న కాలంలో అమ్మేవాడి మాటే కాగితం. కొనేవాళ్ల చేతిలో ఏమీ ఉండేది కాదు. ఇప్పుడు ఒక ఆధారం ఉంది. దాని మీద నమ్మకం పోగొడితే మళ్లీ మాటే మిగులుతుంది. నా బాధ అది.

పాత ఉంగరం:
నాకూ ఆధారమే కావాలండీ. కాకపోతే అది కొనేవాళ్లు ఎంచుకున్న చోటినుంచి రావాలి.

అవంతి:
మడిచిన కాగితంలో పెట్టి చూశాను. చవక రాయి అంచున పసుపు కనిపించింది. ఇంకొకటి: జీఐఏ కాగితం కామెంట్లలో, క్లారిటీ గ్రేడ్‌కు కారణమైన మేఘాలను కాగితం మీది రాయి బొమ్మలో చూపలేదని ఉంది. ఇది ప్రమాదమా?

భూతద్దం:
మేఘం అంటే గుంపుగా ఉన్న సన్నని చుక్కలు. ఎస్ఐ2లో ఆ మాట ఉంటే బాగా ఆలోచించాలి, రాయి మసకగా ఉండొచ్చు. వీఎస్2లో సాధారణంగా అంత భయం లేదు. అయినా దుకాణం స్పాట్‌లైట్ల కింద కాకుండా కిటికీ దగ్గర చూడండి. పాలు కలిపిన నీళ్లలా అనిపిస్తే వద్దు.

కౌస్తుభం:
చవక రాయి మీదే మనసుంటే, మీకు నచ్చిన ల్యాబ్ గ్రేడ్ వచ్చాకే బేరం ఖాయం చేస్తానని చెప్పండి. ఒప్పుకోకపోతే వదిలేయండి. ఇంతవరకు ఒప్పుకుంటాను. మూడు మెట్ల తేడా మాత్రం నేనెక్కడా చూడలేదు.

పాత ఉంగరం:
రెండు కాగితాలూ ఇంకా మా ఇంట్లోనే ఉన్నాయి.