పెళ్లినాడు సంతకం పెట్టిన కాగితంతో పుట్టింటి ఆస్తిలో నా వాటా పోతుందా?

ప్రశ్న – తెనాలి ఆడపడుచు

మా నాన్నగారు 2022లో వీలునామా రాయకుండానే కాలం చేశారు. అమ్మ, ఇద్దరు అన్నయ్యలు, నేను ఉన్నాం. ఆయన జీతం డబ్బులతో కట్టిన ఇల్లు, బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్, ముత్తాతగారి కాలం నుంచి ఉమ్మడిగా వస్తూ బాబాయిలతో జరిగిన పంపకంలో నాన్నగారి వంతుకు వచ్చిన రెండెకరాల మాగాణి ఉన్నాయి. నామినీగా ఉన్న పెద్దన్నయ్య డిపాజిట్ సొమ్మంతా తీసుకుని అది తనదేనంటున్నారు. 2009లో నా పెళ్లికి ముందురోజు, చేతులకు గోరింటాకు ఆరకముందే, ‘పసుపు కుంకుమల కింద ఐదు లక్షలు ముట్టినవి, ఇకమీదట పుట్టింటి ఆస్తిలో నాకు ఏ హక్కూ లేదు’ అని రాసిన స్టాంపు కాగితం మీద నా చేత సంతకం చేయించారు. ఇప్పుడు దాన్నే చూపిస్తున్నారు. తాతల నాటి భూమిలో ఆడపిల్లకు అసలే వాటా లేదని కూడా అంటున్నారు.

జవాబు – సివిల్ న్యాయవాది

అమ్మా, నామినీ అంటే సొమ్ము అందుకుని వారసులకు అప్పగించవలసిన మనిషే తప్ప యజమాని కాడని, బ్యాంకు డిపాజిట్ల విషయంలో సుప్రీంకోర్టు 2010లో రామ్ చందర్ తల్వార్ కేసులో తేల్చింది. ఇల్లు, డిపాజిట్ స్వార్జితాలు కనుక 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 8వ సెక్షన్ ప్రకారం మీ నలుగురికీ తలా నాలుగో వంతు వస్తాయి.

తండ్రి బతికుండగా ఆయన స్వార్జితంలో బిడ్డకు ఉండేది ఆశే గాని హక్కు కాదు. ఆ ఆశను వదులుకుంటున్నట్టు రాసినా, ఆస్తి బదిలీ చట్టం 6వ సెక్షన్ ప్రకారం అది చెల్లదు. భూమిలో మీకు అప్పటికే హక్కు ఉన్నా, దాన్ని వదులుకునే పత్రం రిజిస్టరు కావాలి. అయితే డబ్బు పుచ్చుకుని ఇప్పుడు మాట మారుస్తున్నారని అవతలి వకీలు వాదించవచ్చు కాబట్టి, ఆ ఐదు లక్షల సంగతి మీ వకీలు దగ్గర మాత్రం దాచకండి.

మాగాణి విషయంలో మీ అన్నయ్య వాదన ఆయనకే ఎదురు తిరుగుతుంది. అది పిత్రార్జితమైతే, 2005 సవరణ వల్ల మీరూ పుట్టుకతోనే సహవారసులు. నాన్నగారు పోయే ముందు భూమిని పంచినట్టు భావించి ఆయనకూ, మీ ముగ్గురికీ తలా నాలుగో వంతు లెక్కకట్టి, ఆ తర్వాత ఆయన వంతును అమ్మతో కలిపి నలుగురికీ పంచుతారు. రెండు వందల సెంట్లలో మీకు 62.5 సెంట్లు వస్తాయి.

తెనాలి ఆడపడుచు

అయితే అమ్మకు 12.5 సెంట్లేనా? ఆ చేలో నాట్లు వేసింది అమ్మే.

జవాబు – సివిల్ న్యాయవాది

మన ప్రాంతంలో పాటించే మితాక్షర అనే హిందూ ధర్మశాస్త్ర సంప్రదాయంలో పంపకం వేళ భార్యకు విడిగా వాటా ఉండదు. భర్త వంతులో భాగమే దక్కుతుంది. మీరు ముగ్గురూ ఇష్టపడితే మీ వాటాల్లోంచి కొంత రిజిస్టర్డ్ దాన సెటిల్మెంట్ ద్వారా ఆవిడకు రాసివ్వవచ్చు.

జవాబు – విశ్రాంత రెవెన్యూ ఉద్యోగి

పాసుపుస్తకం, ఇంటిపన్ను అన్నయ్య పేరుకు మారినా యాజమాన్యం మారదు. ముందుగా కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), బాబాయిలతో జరిగిన పంపకం పత్రం నకలు తీసుకోండి. వాటా ఇవ్వబోమని మీకు తెలిసిన రోజు నుంచి పన్నెండేళ్లలోగా భాగపరిష్కారం దావా వేయాలి గనుక, ఆ మాట వారు ఎప్పుడు అన్నారో తేదీ రాసి ఉంచుకోండి. ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. దావాకు ముందు లోక్ అదాలత్‌లో మాట్లాడుకునే వీలూ అక్కడే ఉంది.