‘నోరు చెడ్డదే గానీ మనసు మంచిది’ అనిపించుకునే సహోద్యోగి: ఎప్పుడు పట్టించుకోవాలి, ఏం చేయాలి?

రాత్రిషిఫ్ట్_లీడ్

ఇరవై ముప్పై మంది పనిచేసే విభాగం అనుకోండి. అందులో ఒకతనికి కోపం ఎక్కువ. బల్ల చరుస్తాడు, తలుపు విసిరికొడతాడు, ఫోన్‌లో కేకలేస్తాడు. ‘నోరు చెడ్డదే గానీ మనసు మంచిది’ అంటూ ఏళ్ల తరబడి అందరూ సర్దుకుపోయారు. ఈమధ్య ప్రమోషన్ చేజారింది. అప్పట్నుంచి అరవడం మానేశాడు, ఎవరితోనూ కలవడం లేదు. ఎప్పుడు మాట కలిసినా ఒకే మేనేజర్ పేరు తెస్తాడు. ‘నా సంగతి తేలాక వాడి సంగతి మీరే చూస్తారుగా’ అని టీ దగ్గర ఇద్దరితో అన్నాడు. ఆ మేనేజర్‌ను మాత్రం నేరుగా ఏమీ అనలేదు. కట్టర్లు, స్పానర్లు చేతికందే చోటు అది.

ఇలాంటప్పుడు షిఫ్ట్ చూసేవాళ్లు తెలుసుకోవాల్సినవి అడుగుతున్నాను. ఉత్త కోపాన్నీ నిజమైన ముప్పునూ వేరు చేసేది ఏమిటి? ఫిర్యాదు ఎలా రాస్తే పని జరుగుతుంది? ఎదురుగా నిలబడి అరుస్తుంటే ఏం చేయాలి? ఉద్యోగంలోంచి తీసేస్తే సమస్య తీరినట్టేనా?

తూకంరాయి

మీ ప్రశ్నలో అన్నిటికంటే బరువైన వాక్యం ‘అరవడం మానేశాడు’ అన్నది. చాలామంది దాన్ని మంచి కబురు అనుకుంటారు. బల్ల చరిచిన రోజుల కంటే ఇప్పుడే ఎక్కువ గమనించాలి.

హింస రెండు దారుల్లో వస్తుంది. మొదటిది ఆవేశం: మొహం ఎర్రబడటం, పిడికిళ్లు బిగియడం, గొంతు పెరగడం, కొద్ది నిమిషాల్లో చల్లారడం. అప్పటికప్పుడు కలిగిన బెదురుకో అవమానానికో శరీరం ఇచ్చే జవాబు అది. దెబ్బలు తగిలేదీ, వస్తువులు పగిలేదీ ఎక్కువగా ఇందులోనే కాబట్టి తేలిగ్గా తీసుకోమనడం లేదు. రెండోది పథకం. అందులో బయటికి కోపమే కనిపించదు. మనిషి నెమ్మదిగా ఉంటాడు, సమాచారం పోగేస్తాడు, సమయం చూసుకుంటాడు. మొరిగే కుక్క కరవదన్న సామెత సగమే పనికొస్తుంది. మొరిగేది కరవచ్చు, మొరగనిది అసలే చెప్పకుండా కరవచ్చు.

అమెరికా సీక్రెట్ సర్వీస్ వాళ్లు 1949 నుంచి 1996 దాకా ప్రముఖుల మీద దాడి చేసిన, లేదా చేయడానికి దగ్గరగా వచ్చిన 83 మందిని అధ్యయనం చేశారు. అందులో తేలిన ముఖ్య విషయం: బెదిరించడం వేరు, ముప్పుగా మారడం వేరు. దాడికి దిగిన వాళ్లలో చాలామంది లక్ష్యంగా పెట్టుకున్న మనిషిని ముందుగా బెదిరించనే లేదు. అందుకని ‘నేరుగా ఏమీ అనలేదుగా’ అన్నది ఊరట కాదు.

ముప్పు అంచనా వేసేవాళ్లు చూసే ప్రవర్తనలను రీడ్ మెలాయ్ అనే మనస్తత్వ నిపుణుడు, ఆయన సహ పరిశోధకులు ఎనిమిదిగా వర్గీకరించారు. దాడికి సన్నాహం చేసుకోవడం, ఒకే మనిషి మీదో ఒకే అన్యాయం మీదో మనసు పాతుకుపోవడం, పాత హంతకుల్లోనో ‘యోధుడి’ పాత్రలోనో తనను చూసుకోవడం, ముందెన్నడూ లేని రకం హింస ఒకటి చేసి చూసుకోవడం, లక్ష్యం చుట్టూ హఠాత్తుగా చురుకుదనం పెరగడం, మూడో మనిషి దగ్గర ఉద్దేశం బయటపెట్టడం, ‘ఇక వేరే దారి లేదు’ అనే భాష, నేరుగా బెదిరింపు.

మీరు రాసినదాంట్లో వీటిలో రెండు ఉన్నాయి. ఎప్పుడూ ఒకే పేరు రావడం పాతుకుపోవడం కిందికొస్తుంది. టీ దగ్గర మాట మూడో మనిషి దగ్గర బయటపెట్టడం కిందికొస్తుంది. ఈ రెండోదాన్ని అందరూ తక్కువ అంచనా వేస్తారు. విన్నవాళ్లు ‘సరదాకి అన్నాడులే’ అని ఊరుకుంటారు, లేదా ‘మనకెందుకు’ అనుకుంటారు. ఆ ఇద్దరికీ వేరువేరుగా గుర్తున్న మాటలు పోల్చి చూస్తే తప్ప పూర్తి బొమ్మ రాదు.

చూడాల్సిన అసలు కొలత అతని మామూలు తీరు నుంచి వచ్చిన మార్పు. పదేళ్లుగా గట్టిగా మాట్లాడే మనిషి ఇవాళ కూడా గట్టిగా మాట్లాడితే కొత్తేం లేదు. అతనే మౌనమైతే, తన వస్తువులు పంచిపెట్టేస్తుంటే, వచ్చే నెల సంగతులు మాట్లాడటం మానేస్తే, మేనేజర్ ఏ వేళకు వస్తాడో బండి ఎక్కడ పెడతాడో అడుగుతుంటే, అది మార్పు. తోడుగా ఈమధ్య పోగొట్టుకున్నవి చూడండి: ప్రమోషన్, కాపురం, అప్పు, కోర్టు కేసు. ఒకటైతే మనిషి తట్టుకుంటాడు, రెండు మూడు ఒకేసారి మీద పడితే లెక్క వేరు. ఆయుధం అందుబాటులో ఉందా అన్నది మరో సంగతి. తక్కెడలో రెండో వైపు కూడా పెట్టాలి: అతను నమ్మే మనిషి ఎవరైనా ఉన్నారా, పిల్లల చదువు గురించో ఇల్లు గురించో ముందుచూపుతో మాట్లాడుతున్నాడా, సాయం అడుగుతున్నాడా. ఇవి ఉంటే ముప్పు తగ్గుతుంది, పైగా మాట కలపడానికి దారి కూడా అవే.

జబ్బు పేరు పెట్టే పని మాత్రం మనది కాదు. ‘సైకో’, ‘డిప్రెషన్’ లాంటి మాటలు ఫిర్యాదులో పడితే చదివేవాళ్లు ప్రవర్తనను వదిలి ఆ మాట చుట్టూ వాదించుకుంటారు. మానసిక సమస్యలున్నవాళ్లలో అత్యధికులు ఎవరికీ హాని చేయరు కూడా.

కాగితంపులి

రెండో ప్రశ్నకు. మంచి ఫిర్యాదులో విశేషణాలు ఉండవు. ‘చాలా భయంకరంగా ప్రవర్తించాడు’ అని రాస్తే చేయగలిగింది ఏమీ లేదు. ‘మంగళవారం ఉదయం 10:20కి, రెండో అంతస్తు ప్యాకింగ్ బల్ల దగ్గర, స్పానర్ చేతిలో పట్టుకుని బల్లను మూడుసార్లు కొట్టాడు. మా మధ్య దూరం సుమారు రెండు అడుగులు. “నన్ను ఆపేవాడు ఎవడు” అన్నాడు. అక్కడ మరో ఇద్దరు ఉన్నారు. తర్వాత ఐదు నిమిషాలకు బయటికి వెళ్లిపోయాడు’ అని రాస్తే చదివినవాళ్లు పక్కకు పెట్టలేరు. అతని మాటలు అతను అన్నట్టే, బూతులతో సహా, ఉటంకింపు గుర్తుల్లో పెట్టండి. మర్యాదకు చుక్కలు పెట్టడం వల్ల బరువు పోతుంది. అదే రోజు రాయండి. మర్నాటికి మనసు సంఘటనకు కథ అల్లేస్తుంది.

కాలిఫోర్నియాలో 2024 జూలై 1 నుంచి చాలా సంస్థలు హింసాత్మక సంఘటనల లాగ్ పెట్టి 5 ఏళ్లు దాచాలి. ఆ లాగ్‌లో అడిగే వివరాలు ఎక్కడివాళ్లకైనా మంచి నమూనా. తేదీ, సమయం, చోటుతోపాటు ఆ వేళ బాధితులు ఒంటరిగా ఉన్నారా, వెలుతురు తక్కువగా ఉందా, మనుషులు తక్కువై పని హడావిడిగా సాగుతోందా, తర్వాత సంస్థ ఏం చేసింది అనేవి కూడా రాయాలి. మనుషులను గుర్తుపట్టించే వివరాలు లాగ్‌లో రాయకూడదు, అవి విడి ఫైల్లో ఉంటాయి.

సీసీటీవీ విషయంలో ఆలస్యం చేయొద్దు. రికార్డర్ నిండాక పాతదాని మీద కొత్తది రాసేస్తుంది, కొన్నిచోట్ల వారాల్లోనే. కెమెరా ఎక్కడుంది, ఏ సమయం నుంచి ఏ సమయం దాకా కావాలి అని రాసి ఆ ముక్క దాచమని ఆ రోజే అడగండి. మెసేజ్‌లైతే స్క్రీన్‌షాట్‌లో పంపినవారు, తేదీ కనిపించాలి, అసలు మెసేజ్ చెరపకూడదు. చాటుగా మాటలు రికార్డు చేయడం కొన్నిచోట్ల నేరం కాబట్టి ముందు కనుక్కోండి.

నోటితో చెప్పాక అదే రోజు మెయిల్ పెట్టండి: ‘ఉదయం మీకు చెప్పింది ఇది, మీరు ఇలా అన్నారు’ అని. చివర మూడు ప్రశ్నలు: దీన్ని ఎవరు చూస్తారు, తేలేదాకా మధ్యలో ఏం ఏర్పాటు చేస్తారు, నాకు ఏ తేదీలోగా చెబుతారు. మధ్యలో ఏర్పాటు అంటే ఏమిటో మీరే సూచించండి. షిఫ్ట్ మార్పు, కూర్చునే చోటు మార్పు, బండి దాకా తోడు. కదిలించాల్సింది ఫిర్యాదు చేసినవాళ్లను కాదు. భయపడ్డ మనిషిని రాత్రి షిఫ్ట్‌కు తోసేస్తే శిక్ష వేసినట్టే అవుతుంది, ఆ తర్వాత ఇంకెవరూ నోరు విప్పరు.

వాట్సాప్ గ్రూపులో మాత్రం ఒక్క ముక్క కూడా రాయొద్దు. అది గంటలో అతని ఫోన్‌కు చేరుతుంది.

నాలుగోద్వారం

ఎదురుగా నిలబడి అరుస్తున్నప్పటి సంగతి. మొదటి పని దూరం. కనీసం రెండు చేతుల పొడవు ఉండాలి. ముఖాముఖి కాకుండా కొంచెం పక్కకు తిరిగి నిలబడండి, అరచేతులు కనిపించాలి. చేతులు కట్టుకోవద్దు, వేలు చూపొద్దు, భుజం తట్టొద్దు. తలుపు ఎటుందో చూసుకోండి. మీకు దారి ఉండాలి, అతనికీ ఉండాలి. ఇద్దరిలో ఎవరి దారి మూసినా గొడవ పెరుగుతుంది.

గొంతు తగ్గించి చిన్న వాక్యాల్లో మాట్లాడండి. ఆవేశంలో ఉన్న బుర్రకు పొడుగు వాక్యం ఎక్కదు. ‘కూల్ అవ్వు’, ‘అరవకు’ అనేవి ఆజ్ఞల్లా తగులుతాయి. ‘ప్రమోషన్ విషయం మీకు అన్యాయంగా అనిపించింది, వింటున్నాను’ అనండి. ఒప్పుకున్నట్టు కాదు, విన్నట్టు. నిజానిజాలు అప్పుడు తేల్చొద్దు. ఎంపిక ఇవ్వండి: ‘ఇక్కడే మాట్లాడదామా, పది నిమిషాలాగి కలుద్దామా?’ నెరవేర్చలేని మాట ఇవ్వొద్దు. చుట్టూ చూసేవాళ్లు మూగితే అతను తగ్గడానికి పరువు అడ్డొస్తుంది, ఎవరో ఒకరు వాళ్లను నెమ్మదిగా పంపించేయాలి. ఒకరే మాట్లాడాలి. ముగ్గురు కలిసి సర్దిచెప్పబోతే అతనికి చుట్టుముట్టినట్టు ఉంటుంది.

బల్ల మీద కత్తెర, కట్టర్, వేడి టీ ఉంటే గొడవ మొదలయ్యాక తీయడం రెచ్చగొట్టినట్టవుతుంది. అలాంటి మనిషితో మాట్లాడే గదిలోంచి ముందే తీసేయాలి. సాయం పిలిచే మాట ఒకటి జట్టంతా ముందే అనుకోవాలి. ‘నీలం ఫైల్ తెస్తారా’ లాంటిది ఏదైనా సరే, మామూలు పనిలో ఎప్పుడూ వాడనిదైతే చాలు. విన్నవాళ్లు ఏం చేయాలో కూడా అనుకోకపోతే, పాపం, ఎవరో నిజంగానే నీలం ఫైల్ వెతుకుతూ కూర్చుంటారు.

ఆయుధం కనిపిస్తే ఇవన్నీ వదిలేసి బయటపడండి. లాక్కోబోవద్దు. వెళ్లలేకపోతే తలుపు గడియ వేసి, బరువైనది అడ్డం పెట్టి, ఫోన్ సైలెంట్‌లో పెట్టండి. అదీ కుదరనప్పుడే ఎదిరించడం. అత్యవసర నంబర్‌కు చేస్తే ముందు చోటు చెప్పాలి: భవనం, అంతస్తు, ఏ గేటు. ఫోన్ మధ్యలో తెగినా మనుషులు బయల్దేరతారు. ఆ తర్వాత ఆయుధం ఏమిటి, అతని బట్టలు, ఎంతమంది లోపల ఉన్నారు.

ఇంకోమాట. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో చేసిన 190వ ఒప్పందం పదో అధికరణం ప్రకారం, హింస వల్ల ప్రాణానికో ఆరోగ్యానికో తక్షణమైన, తీవ్రమైన ప్రమాదం ఉందని నమ్మడానికి సరైన కారణం ఉంటే ఆ చోటు వదిలి వెళ్లే హక్కు ఉద్యోగికి ఉండాలి, అందుకు కక్ష సాధించకూడదు. ఒప్పందాన్ని అన్ని దేశాలూ ఆమోదించలేదు, మీ చట్టంలో ఏముందో చూసుకోవాలి. వెళ్లిన సంగతి పైవాళ్లకు వెంటనే తెలియజేయడం మాత్రం తప్పనిసరిగా చేయండి.

రాత్రిషిఫ్ట్_లీడ్

తూకంరాయి గారూ, కాగితంపులి గారూ, చాలా ఉపయోగం. ఇలాంటి ఫిర్యాదు వస్తే హెచ్ఆర్ వాళ్లు మామూలుగా చెప్పేది ‘ఇద్దర్నీ ఒక గదిలో కూర్చోబెట్టి మాట్లాడిద్దాం’ అని. అది సరైనదేనా? ఇంకా, తీసేయడం గురించి ఎవరూ చెప్పలేదు.

కాగితంపులి

మాటామాటా పెరిగిన తగాదాకు సరైనదే. బెదిరింపు ఉన్నచోట కాదు. రాజీ కుదర్చడమంటే ఇద్దరూ సమానమని ముందే ఒప్పుకున్నట్టు. భయపడ్డ మనిషి ఆ గదిలో నిజం చెప్పలేరు. ఎవరు ఫిర్యాదు చేశారో కూడా అతనికి తెలిసిపోతుంది. విడివిడిగా మాట్లాడించమని రాతపూర్వకంగా అడగండి.

తూకంరాయి

తీసేయడం గురించి. అతన్ని గేటు బయటికి పంపిస్తే మనసులో పాతుకున్నది బయటికి పోదు. పైగా రోజూ అతన్ని చూసి మార్పు గమనించే కళ్లు పోతాయి. అందుకే నిర్ణయం హెచ్ఆర్ ఒక్కరిదే కాకూడదు. సెక్యూరిటీ, న్యాయ సలహాదారు, అతని పై అధికారి, వీలైతే ముప్పు అంచనాలో అనుభవమున్న మనస్తత్వ నిపుణులు కలిసి కూర్చోవాలి. కొన్నిసార్లు జీతంతో కూడిన సెలవులో పెట్టి అంచనా పూర్తయ్యేదాకా ఆగడమే మేలు.

తీసేయాల్సిందే అని తేలితే ఆ సమావేశం పది పదిహేను నిమిషాలు దాటకూడదు. ఇద్దరు ఉండాలి. అతను పేరు పెట్టి తిడుతున్న మేనేజర్ మాత్రం అందులో ఉండకూడదు. ఇది చాలాచోట్ల జరిగే తప్పు, ‘నీ మనిషే కదా, నువ్వే చెప్పు’ అని ఆ మేనేజర్‌నే పంపుతారు. నిర్ణయం అయిపోయిందని మొదటి రెండు వాక్యాల్లోనే చెప్పాలి, పాత తప్పులన్నీ చదివి వినిపించకూడదు. ఆఖరి జీతం ఎప్పుడు, ఎంత, బీమా ఎప్పటిదాకా, అనుభవ పత్రంలో ఏం రాస్తారు అనేవి కాగితం మీద చేతికివ్వాలి. ఈ లెక్కలు తేలకుండా పంపిస్తే అతను మళ్లీ మళ్లీ రావాల్సి వస్తుంది, ప్రతి రాకా కొత్త గొడవకు అవకాశం.

గార్డులు పక్క గదిలో ఉండాలి, కంటికి కనిపించకూడదు. అందరూ చూస్తుండగా అటూ ఇటూ పట్టుకుని నడిపించడం అన్నిటికంటే చెడ్డది, అవమానమే చాలా కథలకు మొదలు. సొంత వస్తువులు ఇంటికి పంపుతామనండి, లేదా మనుషులు తక్కువగా ఉండే వేళ తీసుకోనివ్వండి. యాక్సెస్ కార్డు, లాగిన్ సమావేశం జరుగుతుండగానే ఆపాలి. ముందే ఆపితే ఉదయం గేటు దగ్గరే అతనికి తెలిసిపోతుంది.

తర్వాత అతను మాట్లాడటానికి ఒకే మనిషి, ఒకే నంబర్ ఉండాలి. ఫోన్ చేస్తే ఎత్తాలి. లక్ష్యంగా ఉన్న మేనేజర్ రాకపోకల వేళలు, బండి పెట్టే చోటు కొన్నాళ్లు మార్చాలి. గేటు దగ్గరా రిసెప్షన్‌లోనూ అతని ఫొటో, వస్తే ఎవరికి ఫోన్ చేయాలో ఉండాలి. బాకీ డబ్బు అందే రోజు, కోర్టు వాయిదా, అప్పీలు జవాబు వెళ్లే రోజు, తీసేసి ఏడాది నిండే రోజు: ఈ తేదీలు క్యాలెండర్‌లో ముందే గుర్తుపెట్టి ఆ వారం కొంచెం ఎక్కువ గమనించండి.