అప్‌డేట్: బీపీ, షుగర్ ఉండగా సుమాట్రిప్టాన్ వేసుకోవచ్చా అని అడిగాను కదా

పోయిన నెల అడిగింది నేనే. వయసు 51, బీపీ, షుగర్ రెండూ ఉన్నాయి, నాన్నగారికి గుండెపోటు వచ్చింది. పార్శ్వపు తలనొప్పికి (మైగ్రేన్) సుమాట్రిప్టాన్ రాసిచ్చారు, వేసుకోవాలంటే భయమేసింది. గుండె డాక్టరుకి చూపించుకోమని చాలామంది చెప్పారు, వెళ్ళొచ్చాను.

ఆ రోజు బీపీ 160/100. ఈసీజీ, ట్రెడ్‌మిల్ పరీక్ష చేశారు, రెండూ బాగానే ఉన్నాయి. సుమాట్రిప్టాన్ లాంటి మందులు (ట్రిప్టాన్లు) రక్తనాళాలను కుదిస్తాయట. గుండెపోటు, పక్షవాతం వచ్చినవాళ్ళకీ, గుండె రక్తనాళాల్లో అడ్డంకులున్నవాళ్ళకీ అసలు ఇవ్వరు. నాలాంటివాళ్ళకి పరీక్షలయ్యాకే, అదీ బీపీ అదుపులోకి వచ్చాకే ఆలోచిస్తామన్నారు.

అసలు షాక్ ఇంకోటి. రెండేళ్ళుగా మందుల షాపులో అడిగి తెచ్చుకుంటున్న తలనొప్పి మాత్ర చూపించాను. అందులో ఎర్గోటమిన్ ఉందట, అదీ నాళాలను కుదించేదే! సుమాట్రిప్టాన్ దగ్గర భయపడి, దాన్ని మాత్రం చాక్లెట్‌లా మింగాను. ఆ రెండిటి మధ్యా కనీసం 24 గంటలు ఉండాలట కూడా.

ఇప్పుడు రోజూ ప్రొప్రనొలాల్. బీపీకీ పనికొస్తుంది, నొప్పి రాకుండానూ ఆపుతుంది. ఆస్తమా ఉందా అని ముందే అడిగారు, ఉంటే ఇవ్వరట. షుగర్ పడిపోతే వచ్చే గుండెదడ దీనివల్ల తెలియకపోవచ్చు కాబట్టి గ్లూకోమీటర్ దగ్గర పెట్టుకోమన్నారు. నొప్పి వచ్చిన రోజు పారాసిటమాల్, వాంతికి విడిగా ఒక మాత్ర. నాప్రోక్సెన్ అనే నొప్పి మాత్ర కూడా బీపీ పెంచుతుందని వద్దన్నారు.

మూడు వారాల్లో రెండుసార్లే వచ్చింది. ముందు వారానికి రెండు. బీపీ నిన్న 134/84.