సోల్విన్స్, ఆర్మ్ బొమ్మల్లోని చీర రంగును నమ్మవచ్చా?

నూలుపోగు:
1804-05లో లండన్‌లో ఎడ్వర్డ్ ఆర్మ్ అనే ప్రచురణకర్త వేసిన 'కాస్ట్యూమ్ ఆఫ్ ఇండోస్తాన్' పుస్తకంలో 60 చేతిరంగు బొమ్మలున్నాయి. బెంగాల్ ఆడవాళ్లు, మగవాళ్లు, నౌకర్లు, ఫకీర్లు. పాతకాలం నాటకాలకు బట్టలు కుట్టించేవాళ్లు చీర అంచు, తలపాగా, నడికట్టు అన్నిటికీ వీటిని ముందు పెట్టుకుంటే తప్పేముంది? అప్పటికి ఫోటో పుట్టలేదు. ఉన్నవాటిలో దగ్గరి సాక్ష్యం ఇదేనని నా వాదన.

పాతకాగితం:
దగ్గరిది ఆర్మ్ కాదండీ. అవి నకళ్లు. అసలు గీసినవాడు ఆంట్వెర్ప్‌లో పుట్టిన బాల్తజార్ సోల్విన్స్. 1791లో కలకత్తా చేరి, అక్కడే మనుషుల్ని చూసి గీశాడు. 250 ఎచింగులు (రాగి రేకు మీద ఆమ్లంతో గీతలు తినిపించి తీసే అచ్చు బొమ్మలు) అక్కడే అచ్చువేశాడు, ముఖపత్రాల మీద 1796, 1799 అని ఉంటుంది. కులాలు, వృత్తులతో మొదలై నౌకర్లు, వేషాలు, బళ్లు, పల్లకీలు, పడవలు, హుక్కాలు, వాద్యాలు, పండగల దాకా వెళ్తుంది. గీత మోటు, రంగు మట్టి రంగు. యూరోపియన్ కొనుగోలుదార్లకు నచ్చలేదు, అమ్ముడు పోలేదు. ఆర్మ్ ఆ బొమ్మల్నే అనుమతి లేకుండా తీసుకుని ఒళ్లు నాజూకు చేసి, రంగు పెంచి అమ్మాడు. సోల్విన్స్ తర్వాత బాహాటంగానే తప్పుపట్టాడు. మీరు కుట్టించేది బెంగాల్ చీర కాదు, లండన్ బజారు కోరుకున్న చీర.

నూలుపోగు:
ఒళ్లు నాజూకు చేశాడు సరే. కట్టు మారిందా? రవిక, లంగా లేకుండా ఒంటి చీర చుట్టుకున్న తీరు రెండింటిలోనూ అలాగే ఉంది కదా. నాకు కావలసింది కట్టు.

పాతకాగితం:
కట్టుకు కొంతవరకు ఒప్పుకుంటాను. అయితే ముందు కుడి ఎడమలు తేల్చుకోండి. రాగి రేకు మీద చెక్కింది కాగితం మీద అద్దంలో బొమ్మలా తిరగబడి పడుతుంది. చెక్కేవాడు మూలాన్ని తిప్పి చెక్కితేనే అచ్చు సరిగ్గా వస్తుంది. నకలు తీసేవాడు ఉన్నదున్నట్టు చెక్కేస్తే పైట ఇటుది అటు పోతుంది.

మనవాళ్లకు అన్నిటికన్నా తేలిక గుర్తు జంధ్యం. ఎడమ భుజం మీంచి కుడి పక్కకు దిగాలి. బొమ్మలో కుడి భుజం మీద కనిపిస్తే, ఆయన ప్రాచీనావీతిగా పితృకార్యంలోనైనా ఉండాలి, లేదా బొమ్మ తిరగబడైనా ఉండాలి. జామా, అంటే పక్కకు ముడి వేసుకునే పొడవాటి అంగీ, దాని ముడి మరీ ప్రమాదం. మొగలుల కాలం నుంచి ముస్లింలు కుడి పక్క, హిందువులు ఎడమ పక్క కట్టుకునే ఆనవాయితీ. బొమ్మ తిరగబడితే మనిషి మతమే మారిపోతుంది. చైనా బొమ్మలకూ ఇదే పరీక్ష: చైనా అంగీలో ఎడమ భాగం పైకి వచ్చి గుండీలు కుడి చంక వైపు పడాలి. మేసన్ 1800లో వేసిన చైనా బొమ్మలైనా, విలియమ్ అలెగ్జాండర్ 1805లో వేసినవైనా ముందు ఇది చూడాలి.

రాగిరేకు:
గీత గురించి మీ ఇద్దరికీ పెద్ద తేడా లేదు. అసలు తగాదా రంగుది, అక్కడ నేను పాతకాగితం గారి కన్నా కఠినం. రంగు అచ్చులో రాలేదు, ప్రతి కాపీకీ చేత్తో వేశారు. ఒకే రేకు నుంచి తీసిన రెండు కాపీల్లో చీర అంచు ఒకదాంట్లో ఎరుపు, మరోదాంట్లో నీలం ఉండొచ్చు. కాబట్టి 'ఆ బొమ్మలో ఎర్రంచు' అనే మాటే చెల్లదు, ఏ కాపీలోనో చెప్పాలి.

కాగితాన్ని వెలుగుకు ఎత్తి నీటిగుర్తు (తయారీలోనే కాగితంలో పడే గుర్తు) చూడండి. 1794 నాటి చట్టం తర్వాత ఇంగ్లండు కాగితాల్లో సంవత్సరం వేయడం మొదలైంది. బొమ్మ కింద 1804 అని చెక్కి ఉండి, కాగితంలో 1811 ఉంటే, అచ్చూ రంగూ 1811కు ముందువి కావు. మూలం చూసి వేసిన రంగు అని అప్పుడు ఎలా అంటాం? 10 రెట్ల భూతద్దంలో చుక్కలు వరసలు తీరి సమానంగా కనిపిస్తే అది ఫోటో నకలు, పక్కన పెట్టేయండి. ఆక్వాటింట్ (రేకు మీద నీడలు తెచ్చే ఎచింగు పద్ధతి) అయితే చిన్న చిన్న తెల్ల దీవుల చుట్టూ నల్లటి వల ఉంటుంది.

క్రోమ్ పసుపు 1810ల తర్వాతే బజారులోకి వచ్చింది. కృత్రిమ అల్ట్రామెరీన్ నీలం 1828ది, అనిలీన్ ఊదా 1856ది. 1804 బొమ్మలో ఇవి ఉంటే రంగు తర్వాతి చెయ్యి వేసిందే. కంటికి పసుపులన్నీ ఒకటే, క్రోమియం ఉందో లేదో ఎక్స్-రే ఫ్లోరెసెన్స్ పరీక్షే తేల్చాలి.

నూలుపోగు:
అంటే తెల్ల చీర కనిపించినా తెల్లదని అనలేమా?

రాగిరేకు:
అనలేం. కొచినీల్ అనే పురుగు నుంచి తీసిన గులాబీ వెలుగుకు పోతుంది. గోడకు వేలాడిన కాపీలో గులాబీ చీర తెల్లబారుతుంది. ఫ్రేము విప్పి, మౌంటు అట్ట కప్పిన అంచు చూడండి, రంగు ఇంకా అక్కడ మిగిలి ఉంటుంది. దీనికి తిరుగుడు సీసం తెలుపు. గాలిలోని గంధకంతో నల్లబడుతుంది. తలపాగా మీద, ముత్యాల మీద బూడిద మరక కనిపిస్తే అది నగిషీ కాదు, ఒకప్పటి తెలుపు. రాగి పచ్చ అయితే కాగితాన్నే తింటుంది. వెనక్కి తిప్పితే అదే ఆకారంలో గోధుమరంగు మచ్చ ఉంటుంది.

పాతకాగితం:
రంగుకు బొమ్మ కన్నా పక్కనున్న రాత మేలు. 1808-12లో సోల్విన్స్ పారిస్‌లో 4 సంపుటాల్లో 288 బొమ్మలు మళ్లీ వేశాడు, వివరణలతో. పుస్తకం విప్పి ఆకులు విడిగా అమ్మినప్పుడు ఆ రాతే ముందు పోతుంది. తర్వాత అమ్మేవాడు తోచిన పేరు రాసేస్తాడు. కలకత్తాలో గీసినదానికి 'ఆంధ్ర స్త్రీ' అని చీటీ పడితే అడ్డుకునేది ఏదీ ఉండదు.

రాగిరేకు:
పారిస్ అచ్చు మీద నాకు అంత నమ్మకం లేదు. ఇండియా వదిలి ఏళ్లు గడిచాక మళ్లీ చెక్కాడు. పనితనం పెరిగింది, మనుషులు దూరమయ్యారు. కట్టుకు నేను కలకత్తా ఎచింగునే తీసుకుంటాను.

పాతకాగితం:
రెండూ గీసింది ఒకే చెయ్యి అండీ, స్కెచ్చులు తన దగ్గరున్నాయి. మడతలు ఎటు వెళ్తున్నాయో పారిస్ రేకులో లెక్కపెట్టవచ్చు, కలకత్తా దాంట్లో చాలాచోట్ల గీతలు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి.

నూలుపోగు:
అయితే కట్టు రెండు అచ్చులూ పక్కపక్కన పెట్టి తీస్తాను, జంధ్యం చూశాకే. రంగుకు ఆర్మ్‌ను పక్కన పెట్టేశాను. ఆ కాలం బెంగాల్ బట్టలు మ్యూజియంలలో మిగిలినవి ఉన్నాయి, అంచు వాటిలోంచే తీసుకుంటాను.