1873 వించెస్టర్‌కి మళ్లీ బ్లూయింగ్ చేయిస్తే తప్పా?

డాలస్_వాసు:
ఈమధ్య ఇక్కడ గన్ షోలో వించెస్టర్ 1873 రైఫిల్ ఒకటి కొన్నాను. 44-40 క్యాలిబర్, ఎనిమిది పలకల బారెల్. 1898లోగా తయారైంది కాబట్టి ఫెడరల్ చట్టం లెక్కలో ఇది యాంటిక్, అందుకే పేపర్ల పని పెద్దగా పడలేదు. సమస్యల్లా దాని రూపంతోనే. సైడ్ ప్లేట్ల (తుపాకి రెండు పక్కలా మూసే ఇనుప పలకల) అంచున కాస్త నీలం మిగిలింది, మిగతా ఇనుమంతా గోధుమరంగుకి తిరిగింది. తెలిసిన గన్‌స్మిత్ ఒకాయన మళ్లీ బ్లూయింగ్ చేసి, అంటే ఇనుము పైపొరని నీలి నలుపుకి తిప్పి, కొత్తదానిలా ఇస్తానంటున్నాడు. పక్క టేబుల్ పెద్దాయనేమో ముట్టుకుంటే విలువ పోతుందని భయపెట్టాడు. నేను అమ్మడానికి కొనలేదు, గోడకి పెట్టుకోవడానికి కొన్నాను. చేయించుకుంటే ఏమవుతుంది?

కొలరాడో_రమణ:
వాసు గారూ, వద్దండీ. బ్లూయింగ్ అంటే పైన రంగు పూయడం కాదు. ముందు ఇనుమంతా బఫింగ్ చక్రం మీద పెట్టి అరగదీస్తారు. అక్కడే అసలు నష్టం. బారెల్ పలకల అంచులు గుండ్రమైపోతాయి, స్క్రూ రంధ్రాల చుట్టూ గుంట పడుతుంది, పేటెంట్ తేదీల అక్షరాలు పలచబడతాయి. మీ సైడ్ ప్లేటుకీ ఫ్రేముకీ మధ్య గీత వేలికి తగలనంత బిగువుగా ఉంటుంది చూడండి, ఆ బిగువు ఇంక తిరిగి రాదు. పైగా ఇప్పుడు చాలామంది చేసేది మరిగే కాస్టిక్ ఉప్పుల తొట్టిలో ముంచే పద్ధతి. అది 20వ శతాబ్దంలో వచ్చింది. ఆ కాలంలో బారెల్‌కి తుప్పు పట్టించి, ఉడికించి, బ్రష్‌తో రుద్ది, అదే మళ్లీ మళ్లీ చేసేవారు. తొట్టిలోంచి వచ్చిన నిగనిగలాడే నలుపు, తెలిసినవాడికి పది అడుగుల దూరం నుంచే కనబడుతుంది.

2021 ఆగస్టులో షెరీఫ్ పాట్ గారెట్ వాడిన కోల్ట్ రివాల్వర్ వేలంలో 60 లక్షల డాలర్లు దాటింది. 1881లో బిల్లీ ద కిడ్ అనే పేరుమోసిన బందిపోటుని కాల్చిన తుపాకి అది. మెరుపు చూసి ఎవరూ అంత పెట్టలేదు. అది ఎవరి చేతి నుంచి ఎవరికి వెళ్లిందో కాగితాల మీద ఉంది, అందుకే పెట్టారు.

హ్యూస్టన్_పద్మ:
రమణ గారూ, బఫింగ్ సంగతి ఒప్పుకుంటాను. కానీ గారెట్ తుపాకిని ఇక్కడికి తేవడం సరికాదు. వాసు గారిది ఏ షెరీఫ్ చేతిలోనూ లేదు. 1873 మోడల్ 7 లక్షలకు పైగా తయారైంది. దీనికి రాజుగారి కిరీటానికి పెట్టే రూల్స్ పెడితే ఎలా?

ఇంకో మాట. ఎవరూ ముట్టుకోనిదే నిజమైనది అనే లెక్క అన్నిచోట్లా పనిచేయదు. అమెరికా సైన్యం 1873 నుంచి అశ్వికదళం కోసం కొన్న కోల్ట్ సింగిల్ యాక్షన్ రివాల్వర్లను చూడండి. మొదట బారెల్ ఏడున్నర అంగుళాలు. 1890లలో ప్రభుత్వమే వాటిని వెనక్కి తెప్పించి, బారెల్‌ని ఐదున్నరకు కోయించి, భాగాలు కలగాపులగం చేసి, మళ్లీ పూత వేయించి పంపింది. కలెక్టర్లు వాటిని ఆర్టిలరీ మోడల్ అంటారు. అందులో భాగాల మీది సీరియల్ నంబర్లు ఒకదానితో ఒకటి కలవకపోవడమే సహజం. అన్ని నంబర్లూ చక్కగా కలిసిన ఆర్టిలరీ కనబడితే నేనైతే ముందు అనుమానిస్తాను! మరి ఆ రీఫినిష్ (మళ్లీ వేసిన పూత) చరిత్ర అయితే, వాసు గారు చేయించేది నేరం ఎలా అవుతుంది? తేడా తేదీలోనే కదా?

ఓరుగల్లు_కిరణ్:
అన్నా, మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. ఈ తుపాకులతో అక్కడి ఆదివాసులను చంపారు. వాటి పూత గురించి ఇంత తర్జనభర్జన అవసరమా?

కొలరాడో_రమణ:
కిరణ్, అడగాల్సిన ప్రశ్నే. కాకపోతే 1876లో లిటిల్ బిగ్‌హార్న్ యుద్ధంలో అమెరికా సైన్యాధికారి కస్టర్ సైనికుల చేతిలో సింగిల్ షాట్ కార్బైన్లు (ఒక్కో తూటా పెట్టి పేల్చే పొట్టి రైఫిళ్లు) ఉంటే, లకోటా, షయాన్ ఆదివాసీ యోధుల్లో కొందరి చేతిలో వరసగా పేల్చగల హెన్రీ, వించెస్టర్ రిపీటర్లు ఉన్నాయి. ఈ సంగతి గట్టిగా తేల్చింది మట్టిలో దొరికిన తూటా గుల్లలే. 1983లో అక్కడ గడ్డి తగలబడ్డాక తవ్వకాలు జరిపారు. గుల్ల మీద ఫైరింగ్ పిన్ (తూటాని వెనక కొట్టి పేల్చే సూది) పడ్డ గుర్తు తుపాకి తుపాకికీ వేరుగా ఉంటుంది. ఆ గుర్తులను బట్టి ఏ తుపాకి ఎక్కడి నుంచి ఎక్కడికి కదిలిందో గీసుకుంటూ వచ్చారు. పాత తుపాకిని బాగుచేద్దామని పిన్ మార్చేస్తే ఆ సాక్ష్యం పోతుంది. నా టెన్షన్ అదీ. నాకు ధర తర్వాతి సంగతి.

హ్యూస్టన్_పద్మ:
బ్లూయింగ్‌కి పిన్ మార్చనక్కర్లేదు, మీరు టాపిక్ మార్చారు 🙂

నన్ను అడిగితే అసలు గొడవ రీఫినిష్‌తో కాదు, ఆ సంగతి చెప్పకుండా అమ్మడంతో. ఒరిజినల్ పూత నిలిచిన వించెస్టర్‌కి, అరిగినదానికి ధరలో తేడా చాలా ఎక్కువ. ఆ తేడా ఉన్నంతకాలం పాత పద్ధతిలో పూత వేసి, అంచులు కాస్త అరగదీసి, ఒరిజినల్ అని అమ్మేవాళ్లు ఉంటారు. వాసు గారు నిజాయితీగా చేయించుకోవచ్చు. రేపు ఆయన పిల్లలు అమ్మినప్పుడు ఆ మాట ఎవరు చెప్తారు?

కొలరాడో_రమణ:
ఇప్పుడు మీరే నా వైపు వాదిస్తున్నారు.

హ్యూస్టన్_పద్మ:
లేదండీ. బిల్లు, ముందూ వెనకా ఫోటోలు, చెక్క పిడి తీస్తే లోపల కనబడేలా చిన్న గుర్తు, తేదీ. ఇవన్నీ ఉంటే చేయించుకోమంటాను. లేకపోతే వద్దంటాను. మీరు ఏం ఉన్నా వద్దంటున్నారు.

కొలరాడో_రమణ:
అవును, అంటాను. ఫోటో తుపాకితో పాటు ప్రయాణం చేయదు.

డాలస్_వాసు:
ఇద్దరికీ థాంక్స్. తుప్పు ఇంకా తింటోందేమో అన్నదే నా అసలు భయం.

కొలరాడో_రమణ:
వేలితో రుద్దితే ఎర్రటి పొడి అంటుతోందా? అంటితే నూనె రాసి నాననిచ్చి, మెత్తటి గుడ్డతో తుడవండి. అంటకపోతే అది నిలకడైన పాటినా (వయసుతో ఇనుము మీద ఏర్పడ్డ పొర), దాని జోలికి పోకండి. తూటాలు పైకి లేపే ఇత్తడి దిమ్మెను మాత్రం బ్రాసో పెట్టి తోమకండి, దండం పెడతాను. ముందు వయోమింగ్‌లోని కోడీ మ్యూజియానికి సీరియల్ నంబర్ పంపి లెటర్ తెప్పించుకోండి. వించెస్టర్ ఫ్యాక్టరీ రిజిస్టర్లు వాళ్ల దగ్గరున్నాయి. ఏ బారెల్‌తో, ఏ తేదీన గోదాము దాటిందో వస్తుంది. రిపేరుకి ఫ్యాక్టరీకి తిరిగొచ్చి ఉంటే అదీ రాసి ఉంటుంది.

డాలస్_వాసు:
తిరిగొచ్చినట్టు ఉంటే? అంటే ఇప్పుడున్న పూతే రెండోసారి వేసిందైతే?

హ్యూస్టన్_పద్మ:
అప్పుడు రమణ గారు ఏమంటారో చూడాలని నాకూ ఉంది.

కొలరాడో_రమణ:
ఫ్యాక్టరీ చేసింది ఫ్యాక్టరీదే. మీ గన్‌స్మిత్‌కి అప్పుడు కూడా వద్దనే చెప్తాను. లెటర్ రానివ్వండి.