"ఉక్కు కోసినంత" తర్వాత చె-నా, నె-నా?

పాతబండి:
సభ్యులందరికీ నమస్కారం. పుత్లీబౌలి స్పేర్ పార్టుల దుకాణాలు దాటాక ఒక సందులో రేకుల షెడ్డు ఉండేది. పాత బుల్లెట్లను కోసి చాపర్లు, అంటే ఫ్రేము కోసి రూపం మార్చిన బళ్లు, చేసేవాళ్లు. షట్టరు పక్కన గోడ మీద ఎర్ర పెయింటుతో రెండు పాదాలు రాసి ఉండేవి. మొదటిది "మెడను ముట్టకుండ మె" దాకా ఉంది, తర్వాత సున్నం రాలిపోయింది. రెండోది "ఉక్కు కోసినంత", ఆ పక్క ఒక అక్షరం చెరిగిపోయి, "క్కినట్లె". నేను మొదటినుంచీ దాన్ని "చెక్కినట్లె" అనే చదువుకున్నాను. అదే షెడ్డులో బండి చేయించుకున్న మిత్రుడు మాత్రం "నెక్కినట్లె" (ఎక్కినట్లె) అని గట్టిగా అంటున్నాడు. చెక్కడమైతే అది చేసినవాడి పద్యం, ఎక్కడమైతే తోలేవాడి పద్యం. నిజమైన చాపర్ అంటే ఏమిటో తేలేది ఆ అక్షరం దగ్గరే అని నాకు అనిపిస్తోంది. పూర్తి పద్యం ఎవరికైనా తెలిస్తే చెప్పండి, షెడ్డు ఇప్పుడు లేదు.

గణవిభజన:
ఆటవెలది, సరిపాదం, ఐదూ హగణాలే (గురువు, లఘువు). ఉ-కారానికీ చె-కీ యతి కుదరదు కాబట్టి ప్రాసయతి వేశాడు, ఉక్కు–చెక్కి. "చూడ చూడ రుచుల జాడ వేరు"లో చూడ–జాడ లాగే. చిక్కేమిటంటే ఉక్కు–నెక్కి కూడా అంతే శుభ్రంగా పడుతుంది. ఛందస్సు మీకు సాయం చేయదు.

అరసున్న:
ఛందస్సు తేల్చకపోతే వ్యాకరణం తేలుస్తుందండీ. కోసినంతన్, ద్రుతాంతం, అంటే చివర నకారం ఉన్న మాట. దాని మీద పరుషం (క చ ట త ప) వస్తే సరళం (గ జ డ ద బ) కావాలి, అంటే "కోసినంతఁ జెక్కినట్లె" అని ఉండాలి. జె అని చూసినట్టు పాతబండి గారు అనలేదు. అచ్చు పరమైతే నకారం నిలుస్తుంది, నెక్కినట్లె. నా ఓటు దానికే.

కార్ఖానా వాసి:
సార్, అంత నియమం పాటించేవాడైతే మొదట్లోనే "ఉక్కు గోసి" అని రాసేవాడు కదా? అక్కడ క-ని క-గానే ఉంచినవాడు ఇక్కడ చ-ని చ-గా ఉంచితే తప్పేముంది? మన గోడల మీద, లారీల వెనక రాసే పద్యాల్లో సరళాదేశాలు వెతకడం న్యాయం కాదు.

అరసున్న:
జడవాచకానికి (ప్రాణం లేనిదాని పేరుకి) ద్వితీయ బదులు ప్రథమ రావచ్చు, ప్రథమ మీద గసడదవలు (క-కి గ రావడం లాంటివి) బహుళం, వస్తే రావచ్చు, రాకపోవచ్చు. కాబట్టి "ఉక్కు కోసి" దోషం కాదు. ద్రుతం మీద సరళం మాత్రం నిత్యం, తప్పనిసరి. రెండూ ఒకటి కావు.

హార్డ్‌టెయిల్:
రెండో పాదం పట్టుకుని అందరూ మొదటి పాదాన్ని వదిలేశారు. "మెడను ముట్టకుండ" అన్నవాడు బండి పని తెలిసినవాడు. చాపర్‌కి ప్రాణం మెడలో ఉంటుంది. హ్యాండిల్ తిరిగే గొట్టం ఉంటుంది చూడండి, అదే మెడ. దాన్ని చాసిస్ నుంచి కోసి, వెనక్కి వాల్చి మళ్లీ వెల్డింగ్ చేస్తే ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు ముందుకు చాచుకుంటుంది. మామూలు హార్లీలో ఆ వాలు 30 డిగ్రీల దగ్గర ఉంటే చాపర్లలో 40, 45 దాకా పోతుంది. అది అందం కోసం చేసే పనే, అయితే లెక్క తప్పితే ప్రాణం మీదికొస్తుంది. వాలు పెరిగితే ట్రెయిల్ (మెడ గీత నేలను తాకే చోటుకీ, ముందు చక్రం నేలను తాకే చోటుకీ మధ్య దూరం) పెరుగుతుంది, ట్రెయిల్ మరీ పెరిగితే నెమ్మదిగా పోతున్నప్పుడు ముందు చక్రం దానంతటదే ఒక పక్కకి పడబోతుంది. అఫ్జల్‌గంజ్ ట్రాఫిక్‌లో అలాంటి బండి తోలి చూడండి, భుజాలు పడిపోతాయి. ట్రెయిల్ మరీ తగ్గితే స్పీడులో హ్యాండిల్ వణుకుతుంది. ఈ రెంటి మధ్య బండిని నిలబెట్టగలిగినవాడే చాపర్ చేసినవాడు.

పాత బుల్లెట్టుతో ఇంకో చిక్కు. దాని చాసిస్‌కి ముందు గొట్టం ఒక్కటే, అదీ ఇంజన్ దగ్గరికొచ్చి ఆగిపోతుంది, ఇంజనే చాసిస్‌లో భాగమై బరువు మోస్తుంది. ఇంజన్ దించేసి ఉత్త ఫ్రేమును నేల మీద పెట్టి కోస్తే వెల్డింగ్ వేడికి గొట్టాలు లాగేస్తాయి, తర్వాత ఇంజన్ బోల్టులు ఎక్కవు. జిగ్‌లో (ఫ్రేమును కదలకుండా పట్టే చట్రంలో) బిగించి, కోసిన చోట గొట్టం లోపల బిగువుగా ఇంకో ఉక్కు ముక్క దోపి, అప్పుడు టిగ్ వెల్డింగ్ చేయాలి. ఇంత పనిని కోత అనరు, చెక్కడమే అంటారు. నాకు చె విషయంలో సందేహం లేదు.

గణవిభజన:
హార్డ్‌టెయిల్ గారి మాటతో మొదటి పాదం నాకు వచ్చేసింది:
"మెడను ముట్టకుండ మెరుగులెన్నద్దినా
ఉక్కు కోసినంత చెక్కినట్లె"
నగణం, రెండు హగణాలు, నగము, రగణం. యతి మె–మె. క్రోము, పెయింటు అన్నీ "మెరుగులు" అనే ఒక్క మాటలో ఇమిడిపోయాయి. మూలం ఇదేనని అననుగానీ దీనికి దూరంగా మాత్రం ఉండదు.

అరసున్న:
పూరణ బాగుంది. "అద్దినా" తర్వాత "ఉక్కు" అచ్చుతో మొదలవడం మాత్రం పంటి కింద రాయి. "అద్దిన, నుక్కు" అన్నా గణం చెడదు, రగణం బదులు భగణం అవుతుంది, కానీ గోడ మీద "ఉక్కు" అనే ఉంది కాబట్టి క్షమిస్తున్నాను.

మెహిదీపట్నం అక్క:
చెక్కడానికి అందరూ శిల్పం అర్థమే పట్టుకున్నారు. పెన్సిల్ చెక్కుతాం, బీరకాయ చెక్కు తీస్తాం. అక్కరలేనిది తీసి పారేయడం అది. చాపర్ పుట్టింది కూడా అలాగే కదా. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక కాలిఫోర్నియా కుర్రాళ్లు బరువైన హార్లీల ముందు మడ్‌గార్డు పీకేసి, వెనకది సగానికి కోసేసి తేలిక చేసుకున్నారు. దాన్ని బాబర్ అన్నారు. ఫ్రేము జోలికి వెళ్లాక చాపర్ అయింది, ఆ పొడుగు ఫోర్కులు 1960లలో ఊపందుకున్నాయి. కాబట్టి చెక్కు అంటే తొక్క తీయడమనే అర్థం చేసుకుంటే పద్యం ఇంకా పదునెక్కుతుంది: ఉక్కు కోసినంత మాత్రాన అక్కరలేనిదంతా పోయినట్టేనా అని అడుగుతున్నాడు.

కార్ఖానా వాసి:
అక్కా, చెక్కేయడం అంటే ఉడాయించడం కూడా. "ఇంటర్వెల్‌కే చెక్కేశాడు" అంటాం. ఉక్కు కోసినంతలో బండి వేసుకుని ఊరు దాటిపోయినట్టేనా అని అడిగితే ఎక్కడం, చెక్కడం రెండూ ఒకటైపోతాయి. మెడ కోసిన బండి ఔటర్ రింగు రోడ్డు సర్వీసు రోడ్డు మీద నిటారుగా పోతేనే అది పూర్తయినట్టు. షెడ్డులో స్టాండు మీదున్నంత కాలం అది ఇనుమే.

గణవిభజన:
"ఉప్పు కప్పురంబు నొక్కపోలిక నుండు" పాదం ఒక్కసారి చూడండి. అరసున్న గారి నకారానికి అంతకంటే సాక్ష్యం దొరకదు. ఉ-కీ నొ-కీ యతి, నకారం అడ్డు రాలేదు, లోపలి ఒ-తోనే చెల్లింది. వేమన ఎంత అలవోకగా పోనిచ్చాడో! ఇంకో సంగతి, ఆ పద్యం అర్థం కూడా మన చర్చదే. కంపెనీ నుంచి పొడుగు హ్యాండిల్‌తో వచ్చిన క్రూజర్‌కి సిస్సీ బారు (సీటు వెనక నిలబెట్టే కమ్మీ), వేలాడే లెదరు సంచీ తగిలిస్తే దూరం నుంచి చాపర్ లాగే ఉంటుంది. రుచి చూస్తే తెలుస్తుంది.

అరసున్న:
వేమన దాకా వచ్చాం కాబట్టి అంటున్నా. బ్రౌన్ 1829లో అచ్చువేయించకపోతే ఈ ఆటవెలదులు ఎన్ని మనదాకా వచ్చేవో! ఒక్కో పద్యానికి ఎన్ని పాఠాంతరాలు ఉన్నాయో చూసినవాళ్లకి తెలుసు. నోటికి వచ్చిన కవిత్వం కాబట్టి ప్రతి ఊరూ ఒక అక్షరం మార్చుకుంది. గోడ మీది ఈ పద్యానికీ అదే గతి పట్టింది. పాతబండి గారు చె చదివారు, ఆయన మిత్రుడు నె చదివారు. ఇద్దరి పాఠాలనూ రాసి పెట్టుకోవాలి, ఒకదాన్ని కొట్టేయకూడదు.

పాతబండి:
అందరికీ కృతజ్ఞతలు. మెడ గురించి నాకు ఇంకొకటి తట్టింది. బుల్లెట్టుకి చాసిస్ నంబరు కొట్టేది ఆ మెడ మీదే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకూ కంపెనీ చేసి ఇచ్చినదానికీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అంటే మన దగ్గర మెడ ముట్టినవాడు ఖైరతాబాద్ ఆర్టీఏ ముందు నిలబడలేడు, ముట్టనివాడిని పద్యం ఒప్పుకోదు. ఈ ఇరకాటం తెలిసే రాశాడని నా నమ్మకం. అందుకే నాకు ఆ పాదాలంటే అంత ఇష్టం.

హార్డ్‌టెయిల్:
నిజమే. షో కోసం చేసే బండి వేరు, రోడ్డు మీద తిప్పే బండి వేరు. ఆ తేడా చెప్పకుండా కుర్రాళ్ల దగ్గర డబ్బులు తీసుకుని బులెట్లు కోసేవాళ్లంటే నాకు కోపం.

మెహిదీపట్నం అక్క:
మెడ ముట్టకపోతే చాపర్ కాదంటే నేను ఒప్పుకోను. శాన్‌ఫ్రాన్సిస్కో వాళ్లు ఆ కొండ వీధుల్లో, ట్రాఫిక్‌లో తిప్పుకోవడానికి ఫోర్కు పొడుగు పెంచకుండా, చిన్న ట్యాంకుని ఎత్తులో బిగించి, సన్నటి హ్యాండిల్‌తో చేసుకున్నారు. ఫ్రిస్కో చాపర్ అంటే అదే. దాన్ని కాదనే ధైర్యం ఎవరికీ లేదు. అటు స్వీడన్ వాళ్లేమో బారెడు ఫోర్కులు పెట్టి పేరు తెచ్చుకున్నారు. హైదరాబాద్ రోడ్లకి ఫ్రిస్కోనే సరిపోతుంది, నన్నడిగితే.

హార్డ్‌టెయిల్:
ఫ్రిస్కో బండి చేసినవాడు కూడా మెడను కొలిచి చూసి, అలాగే ఉంచాలని నిర్ణయించుకున్నాడక్కా. అదీ ముట్టడమే.

గణవిభజన:
ఒక్క మాట. అందరం "నట్లె"ని ప్రశ్నగా చదువుతున్నాం. అగునె, కలదె లాగా. అవధారణ (నొక్కి చెప్పడం) అయితే? చెక్కినట్లె అంటే చెక్కినట్టే అని అర్థం. ఉక్కు కోసిన క్షణానే సగం శిల్పం అయిపోయింది, ఇక వెనక్కి పోలేవు అని. అప్పుడు మొదటి పాదంలో "ముట్టకుండ" తర్వాత నా పూరణ మొత్తం మార్చాలి, అద్దినా బదులు ఇంకేదో రావాలి.

అరసున్న:
అవధారణ అయితే "నెక్కినట్లె"కి బలం పెరుగుతుంది. కోసినంతనే ఎక్కినట్టే. ఆ షెడ్డులో బండి చేయించుకున్న మిత్రుణ్ని అడగండి పాతబండి గారూ, "ట్లె" పక్కన ప్రశ్నార్థకం గుర్తు ఉండేదా?